ధనంలో ధ

పోయిన నెల మా అమ్మాయికి బొమ్మలు వేసే పోటీలో రెండో బహుమతి వచ్చింది. సర్టిఫికెట్ మీద పేరు ‘మేద’ అని అచ్చయింది. తన పేరు మేధ. కాగితం చేతిలోకి తీసుకుని, మొహంలో ఏమీ కనబడకూడదని నేను తంటాలు పడుతుంటే తనే అంది, “పర్లేదులే నాన్నా, ఎవరు చూస్తారు?”

ఆ ‘పర్లేదులే’ నా దగ్గర నేర్చుకున్నదే. మాటతో పాటు చెయ్యి విదిలించిన తీరూ, చివర్లో ఆ చిన్న నవ్వూ కూడా నావే. తొమ్మిదేళ్ళుగా కౌంటర్ల ముందూ, ఫోన్లలోనూ, స్కూలు గేటు దగ్గరా నేను ఆ మాట ఎన్నిసార్లు అన్నానో, పక్కన నిలబడి తను ఎన్నిసార్లు విందో.

ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే అబద్ధం. బాగానే పట్టింది. కానీ పొద్దున్న లేచాక కూడా ఆ మాట వదల్లేదు. నా పేరు ఎవరైనా తప్పు రాస్తే పర్లేదని అనుకోవచ్చు, నా పేరు నా ఇష్టం. తన పేరు తప్పు రాస్తే పర్లేదనడానికి నేనెవర్ని?

రెండక్షరాల పేరు

పేరు పెట్టేటప్పుడు మేం పెట్టుకున్న షరతు ఒకటే. ఎవరూ తప్పు రాయలేనంత చిన్న పేరు కావాలి. నా పేరు ఐదక్షరాలు. చిన్నప్పటి నుంచీ దాన్ని ఎవరికి తోచినచోట వాళ్ళు విరిచి పిలిచారు. ఆ తిప్పలు పిల్లకి వద్దనుకున్నాం. రెండక్షరాలు, ఒక దీర్ఘం, ఒక ఒత్తు. ఇందులో తప్పుకి చోటెక్కడుంటుంది?

బోలెడుంది. ఇప్పటిదాకా నా దగ్గర పోగుపడినవి ఇవీ: మేద, మేథ, మేఘ, మేడ, మెధ, ఒకసారి మీడియా. చివరిది ఫోన్ చలవ. ఒక పుట్టినరోజుకి నా స్నేహితుడు “హ్యాపీ బర్త్‌డే మేడ” అని పంపిస్తే, “ఎన్ని అంతస్తులు?” అని మా ఆవిడ జవాబు రాయబోయింది. నేనే ఆపాను.

వీటిలో నాకు గుచ్చుకునేది మేద. మేధ అంటే బుద్ధి, మేదస్సు అంటే కొవ్వు. ద కింద చిన్న నిలువు గీత ఉంటే తెలివి, అది లేకపోతే ఒంటికి పట్టిన బరువు. ‘మేథ’కైతే అసలు అర్థమే లేదు. కానీ చదువుకున్నవాళ్ళు కూడా ‘మేథావి’ అని రాసేస్తూ ఉంటారు కాబట్టి అది తప్పని నమ్మించడం ఇంకా కష్టం. పొట్టలో చుక్క ఉంటే థ, లేకపోతే ధ. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. ఈ రెండింటినీ కలిపేసి రాస్తూనే చదువులు పూర్తి చేసినవాళ్ళం, ఒక పిల్ల పేరులో చుక్క గురించి ఎవర్ని నిలదీస్తాం?

పైగా తప్పు ఎవరిదా అని వెతుక్కుంటూ పోతే కొన్నిసార్లు చివరికి మన గుమ్మం ముందే తేలతాం. సర్టిఫికెట్ సంగతే చూడండి. పోటీకి దరఖాస్తు నేనే నింపాను, ఇంగ్లీషులో. ఎమ్, ఈ, డీ, హెచ్, ఏ. దాన్ని చూసి ఎవరో తెలుగులో టైప్ చేశారు. ఇంగ్లీషులో డీ ఒక్కటే రాస్తే డ అని చదువుతారేమోనని మనలో చాలామంది ద కోసం కూడా పక్కన హెచ్ పెడతాం. కాబట్టి ఆ ఐదు అక్షరాలు చూసి ‘మేద’ అనుకున్న మనిషి న్యాయంగానే అనుకున్నాడు. తెలుగులోంచి ఇంగ్లీషులోకి క్షేమంగా వెళ్ళిన పేరు, తిరిగొచ్చేటప్పుడు దారిలో ఒత్తు పారేసుకుంది. పక్కనే తెలుగులో కూడా రాసివ్వాలన్న ఆలోచన నాకు రాలేదు.

ఇది మన ఒక్క లిపికొచ్చిన కష్టమేమీ కాదు. 1918లో రాబర్ట్ రస్సెల్ అనే అమెరికన్ ఒక పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. దాన్నే తర్వాత సౌండెక్స్ అన్నారు. ఒకే పేరుని జనం పది రకాలుగా రాస్తారని ముందే ఒప్పేసుకుని, రాత సంగతి వదిలేసి, పలికే తీరుని బట్టి పేర్లని గుంపులు కట్టే పద్ధతి అది. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపంలో మొదటి అక్షరం ఉంచేస్తారు, అచ్చుల్నీ, హెచ్ లాంటి ఒకటి రెండు అక్షరాల్నీ తీసేస్తారు, మిగిలిన హల్లులకి అంకెలు వేస్తారు. అమెరికాలో పాత జనాభా లెక్కల పత్రాలకి 1930లలో సూచికలు తయారుచేసింది ఇలాగే. సరదాకి మా అమ్మాయి పేరు లెక్క కట్టి చూశాను. మేధకి ఎమ్ 300 వచ్చింది. మేదకీ ఎమ్ 300. మీడియాకీ అదే. మేఘ ఒక్కటే ఎమ్ 200. అంటే వందేళ్ళ కిందటే ఒకాయన కూర్చుని, నాకు ఇంత టెన్షన్ పెడుతున్న ఆ హెచ్‌ని ముందే ఏరి పక్కన పడేశాడన్నమాట.

హంసిని వాళ్ళమ్మ

కోపం తెచ్చుకునే హక్కు నాకు ఎంతవరకు ఉందో తేల్చిన సంఘటన ఒకటుంది. అమ్మాయి క్లాసులో ఒక పాప పుట్టినరోజుకి కార్డు రాశాను. అందంగా, పెద్ద అక్షరాలతో, ‘ప్రియమైన హాసినికి’ అని. ఆ పాప పేరు హంసిని. ఏడాదిగా మా ఇంటికి వచ్చిపోతున్న పిల్ల. నేనే ఎన్నోసార్లు పిలిచాను, హాసినీ అని. ఒక్కసారి కూడా ఆ పిల్ల దిద్దలేదు.

ఎందుకలా జరిగిందో తర్వాత ఆలోచిస్తే తెలిసింది. హాసిని నాకు ఎప్పటి నుంచో తెలిసిన పేరు. హంసిని తెలియదు. తెలియని పేరు చెవిన పడితే, దానికి దగ్గర్లో ఉన్న తెలిసిన పేరుని మనసు గబుక్కున అందుకుంటుంది. అందుకుని, సరిగ్గా విన్నామన్న నమ్మకం కూడా ఇస్తుంది. అనుమానం వచ్చి ఉంటే అడిగేవాణ్ణే. అనుమానమే రాలేదు. కాబట్టి “ఒక్కసారి అడిగితే ఏం పోయింది?” అని నేను ఇతరుల మీద ఇన్నాళ్ళూ వేసిన నింద సగం చెల్లదు.

కార్డు చూసి హంసిని వాళ్ళమ్మ నవ్వి ఏమందో ఊహించే ఉంటారు. “పర్లేదండీ.”

అవతలి నోట విన్నప్పుడు ఆ మాట ఎంత బరువుగా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆవిడ నన్ను ఇబ్బంది నుంచి గట్టెక్కించింది. ఖర్చు మాత్రం పక్కన నిలబడ్డ పిల్ల ఖాతాలో రాసింది. నేను మా అమ్మాయికి చేస్తూ వచ్చిందీ ఇదే.

నోట్లో లేని ఒత్తు

దీని మీద ఇంట్లో నాకు ఎదురైన వాదన గట్టిదే. మా ఆవిడ అంది, “మీరు మాత్రం దాన్ని మేధా అని ఒత్తి పిలుస్తారా? మేదూ అంటారు. మీ అమ్మగారు మేదమ్మా అంటారు. ఒత్తు పలికేవాళ్ళు ఇంట్లో ఒక్కరు లేరు, బయటివాళ్ళ మీద మాత్రం కేసు పెడతారు.”

నిజమే. మామూలు మాటల్లో మనం ఒత్తులు పలకడం అరుదు. ధైర్యాన్ని దైర్యం అంటాం, భయాన్ని బయం అంటాం. అలా అనకుండా ప్రతి ఒత్తునీ నొక్కి పలికే మనిషి ఎదురైతే పద్యం చదువుతున్నాడా అనుకుంటాం. అదే వారంలో మా బంధువొకాయన ఇంటి గ్రూపులో “ఒక ఒత్తు కోసం ఇంత రాద్దాంతమా!” అని పెట్టాడు. ఆ మాటకి కూడా ఒత్తు ఉంది, రాద్ధాంతం. చెప్పి ఉంటే రాద్ధాంతం రెండింతలయ్యేది కాబట్టి ఊరుకున్నాను.

మా ఆవిడ అన్నదానికి జవాబు దొరకడానికి నాకు రెండు రోజులు పట్టింది. నోట్లో ఆ ఒత్తు ఎలాగూ లేదు. అందుకే అది బతికేది కాగితం మీద. పిలిచేటప్పుడు ఎవరు ఎలా పిలిచినా, గొంతులో ఎవర్ని పిలుస్తున్నారో తెలిసిపోతుంది. మా అమ్మ మేదమ్మా అంటే అందులో కొవ్వు ఎవరికీ వినబడదు. కాగితానికి గొంతు లేదు. ఆ గీత ఒక్కటే దానికి ఆధారం.

జవాబు విని మా ఆవిడ, “సరే, వాదన బాగుంది. కానీ ఆ సర్టిఫికెట్‌ని మాత్రం వెనక్కి పంపించకండి” అంది.

ఎక్కడ పట్టుబట్టాలి

నిజానికి పంపించాలనే అనుకున్నాను. ఉత్తరం కూడా సగం రాశాను. మర్యాదగానే మొదలైంది, మూడో వాక్యానికి వచ్చేసరికి తెలుగు భాష భవిష్యత్తు దాకా వెళ్ళిపోయింది. చదువుకుని నేనే చెరిపేశాను. ఈలోగా అమ్మాయి నల్ల పెన్ను తీసుకుని, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, అచ్చు అక్షరం ద కింద సన్నగా ఒక నిలువు గీత గీసింది. “అయిపోయింది” అంది. దగ్గరగా చూస్తే ఆ గీత నలుపు మిగతా అక్షరాల కంటే కాస్త ముదురుగా ఉంటుంది. అంతే. నేను మాత్రం, “అలా అధికారిక కాగితాల మీద రాయకూడదమ్మా” అని పాఠం మొదలుపెట్టాను. బొమ్మల పోటీ సర్టిఫికెట్ ఎంత అధికారికమో తను అడగలేదు, నా అదృష్టం.

కానీ ఆ పాఠంలో కొంత సరుకు లేకపోలేదు. కొన్ని కాగితాలున్నాయి, వాటి మీద పెన్ను పెట్టడానికి వీల్లేదు. వాటిలో తప్పు పడితే అది అక్కడే ఆగదు, పిల్లలు పెడుతుంది. జనన ధ్రువపత్రం చూసి స్కూలు రిజిస్టరు, రిజిస్టరు చూసి మార్కుల జాబితా, దాన్ని చూసి తర్వాత చదివే ప్రతి చోటూ. ఒకచోట మేధ, ఒకచోట మేద అని ఉంటే, ఈ ఇద్దరూ ఒకరేనని రుజువు చేసుకోవాల్సిన పని ఆ పిల్ల మీద పడుతుంది. అదీ మనం పక్కన లేని వయసులో.

మాకు ఒకసారి తగిలింది. స్కూల్లో చేర్చినప్పుడు రిజిస్టరులో మేఘ అని ఎక్కింది. దిద్దించడానికి వెళ్ళింది రెండేళ్ళ తర్వాత. మొదటి రోజే దిద్దమంటే ఒక నిమిషం పని. రెండేళ్ళ తర్వాత అర్జీ, జత పత్రాలు, సంతకాలు, మూడుసార్లు తిరగడం. అక్కడున్న గుమాస్తా నన్ను అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. “రెండేళ్ళ నుంచీ ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెడుతున్నారు కదండీ, చూడలేదా?” చూశాను. మొదటిసారే చూశాను. పర్లేదులే, తర్వాత చెప్దామనుకున్నాను.

అప్పటి నుంచీ ఒక అలవాటు చేసుకున్నాను. పేరు ఎక్కించే చోట, ప్రింట్ కొట్టకముందే స్క్రీన్ ఒకసారి ఇటు తిప్పమంటాను. ఇంగ్లీషుతో పాటు తెలుగులో కూడా పెద్దగా రాసిన చీటీ ఇస్తాను. ఫోన్లో అయితే “ధనంలో ధ అండీ” అంటాను. ఈ చివరిది మా అమ్మాయికి నచ్చలేదు. తన సొంతది తయారు చేసుకుంది, “ధడేల్‌మని పడడంలో ధ.” ఇది నా దానికంటే బాగా పనిచేస్తుందని ఒప్పుకోవాలి. విన్నవాళ్ళు నవ్వుతారు, ఇక మర్చిపోరు.

పాస్‌పోర్టు సంగతి వేరు. ఫోటో ఉండే పేజీ అడుగున యంత్రం చదివే రెండు వరసలుంటాయి, ఒక్కో వరసకి 44 గడులు. పేరుకి దక్కేవి 39. అందులో ఇంగ్లీషు పెద్ద అక్షరాలు తప్ప ఇంకేవీ చెల్లవు. ఇంటిపేరుకీ అసలు పేరుకీ మధ్య ఖాళీ వదిలినా బాణం మొనలాంటి గుర్తులే పెడతారు. ప్రపంచంలో ఏ భాష ఒత్తులూ చుక్కలూ టోపీలూ ఉన్నా ఆ గుమ్మం బయటే వదిలి లోపలికి రావాలి. అక్కడ మా ఒత్తు బతుకంతా ఆ హెచ్ మీదే ఆధారపడింది. సౌండెక్స్ పారేసిన హెచ్చే.

ఇంకొకటి మానేశాను, సారీ చెప్పడం. “సారీ అండీ, చిన్న తప్పుంది, ఏమనుకోకండి” అంటూ మొదలుపెట్టేవాణ్ణి. ఏ తప్పూ చేయని వాళ్ళం మేమిద్దరమే అక్కడ. అయినా క్షమాపణ మా వైపు నుంచే. పక్కన చెయ్యి పట్టుకుని నిలబడ్డ పిల్లకి దాన్నిబట్టి ఏం అర్థమవుతుంది? తన పేరు సరిగ్గా రాయమనడం అవతలివాళ్ళకి పెట్టే శ్రమ అని అర్థమవుతుంది. అలాగని గొంతు పెంచితే, తన పేరు వినబడగానే నాన్నకి కోపం వస్తుందని అర్థమవుతుంది. రెండూ చేసి చూశాను. ఇప్పుడు మామూలు గొంతుతో “దాని కింద ఒత్తుండాలండీ” అని ఆగిపోతున్నాను. ఆ వాక్యం తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని భరించడమే కష్టం. ఏదో ఒకటి అని దాన్ని నింపాలనిపిస్తుంది. నింపడం లేదు.

తప్పే పేరైపోతే?

ఇంత చెప్పాక నన్ను ఇరుకున పెట్టే ఉదాహరణలు మూడున్నాయి. అమెరికా టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రీకి పుట్టినప్పుడు పెట్టిన పేరు ఓర్పా, బైబిల్లోంచి తీసుకున్నది. జనానికి నోరు తిరగక రెండక్షరాలు తారుమారై ఓప్రాగా స్థిరపడింది. ఇప్పుడు ఆ తప్పుని ఎవరైనా సరిదిద్దబోతే నవ్వుతారు. అమెరికా అధ్యక్షుడు గ్రాంట్ అసలు పేరు హైరమ్ యులిసెస్ గ్రాంట్. 1839లో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీకి సిఫారసు చేసిన కాంగ్రెస్ సభ్యుడు యులిసెస్ ఎస్. గ్రాంట్ అని రాసేశాడు. అదే ఉండిపోయింది. ఆ ఎస్ దేనికో తనకే తెలియదని ఆయన కాబోయే భార్యకి రాసిన ఉత్తరంలో ఒప్పుకున్నాడు. షేక్‌స్పియర్‌వని నమ్మే సంతకాలు ఆరు మిగిలాయి. వాటిలో ఆయన తన పేరుని తనే ఒక్క తీరుగా రాసుకోలేదు. అసలు స్పెల్లింగ్ ఒక్కటే ఉండాలన్న పట్టింపు కాలం తెచ్చిపెట్టింది తప్ప పేరుతో పుట్టింది కాదేమో.

ఈ అనుమానం నాకు పూర్తిగా తీరలేదు. కానీ ఒకటి గమనించాను. ఓప్రా ఆ పేరుని మోసి తనది చేసుకుంది. గ్రాంట్ కూడా పెద్దయ్యాక దానితోనే సంతకం పెట్టాడు. తప్పుని ఉంచుకున్నది మోసేవాళ్ళు. వాళ్ళ నాన్న పక్కన నిలబడి “పర్లేదులెండి” అన్నందుకు వచ్చిన పేర్లు కావవి. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 1989 నాటిది. దాని ఏడో అధికరణం, బిడ్డకి పుట్టుకతోనే పేరు మీద హక్కు ఉందంటుంది. హక్కు బిడ్డదని. పెట్టినవాళ్ళకి ఉందని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను, నా గుచ్చుకోవడమంతా అందుకే అయ్యుంటుంది. నేను ఏరి కోరి తెచ్చిన అక్షరాన్ని ఎవరో తోసేశారని.

కాబట్టి నా మట్టుకు నేను తేల్చుకున్నది ఇది. తను నోరు విప్పి చెప్పగలిగేదాకా ఆ గీతకి నేను కాపలా. తర్వాత ఉంచుకుంటుందో తీసేస్తుందో తన ఇష్టం. తీసేస్తే నాకు బాధ కలుగుతుంది, కలగనీ.

ఆ పరీక్ష నేననుకున్నదానికంటే ముందే వచ్చింది. ఈత నేర్పే మాస్టారు మొదటి రోజు నుంచీ తనని “మేఘా” అని పిలుస్తున్నారు. గట్టు మీద కూర్చున్న నేను రెండో రోజే లేవబోతే, నీళ్ళలోంచి తల ఎత్తి వద్దని సైగ చేసింది. బయటికొచ్చాక చెప్పింది, “అక్కడ నేను మేఘనే నాన్నా. బావుంది.” ఏం బావుందో అడిగితే చెప్పలేదు. మూడు వారాలు గట్టు మీద కూర్చుని మేఘా మేఘా అని వినడం ఎలా ఉంటుందో నాకే తెలుసు.

నిన్న పోటీకి వెళ్ళే పిల్లల జాబితా గోడకి అంటించారు. ముందు రోజే తను వెళ్ళి మాస్టారుకి చెప్పొచ్చిందట, పిలవడం ఎలాగైనా పిలవండి, రాసేటప్పుడు మాత్రం ధడేల్‌మని పడడంలో ధ పెట్టండి అని. జాబితాలో ఏడో పేరు తనది. ‘మేథ’.

ఇద్దరం కాసేపు చూశాం. “దగ్గరకొచ్చేశారు” అంది. “చుక్క ఒక్కటే ఎక్కువైంది.” తన సంచీలో నల్ల పెన్ను ఉంది. గీత పెట్టడానికైతే అది చాలు. చుక్క తీయడం ఎలాగో అని గోడ దగ్గర నిలబడి ఆలోచిస్తోంది. నేను తడి తువాలు పట్టుకుని పక్కన నిలబడ్డాను.